రోజుకు రెండు ట్యాంకులు, నెలకు 410 యూనిట్లు: ఏమీ కొనకముందు మీటరు దగ్గర పది నిమిషాలు నిలబడండి

బోడుప్పల్ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: సొంత ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్ మాత్రమే, నలుగురు మనుషులు. మామూలు నెలల్లో 220–230 యూనిట్లు వస్తుంది. ఏప్రిల్‌లో మాత్రం 410 దాటింది. బల్బులన్నీ ఎప్పుడో ఎల్ఈడీకి మార్చేశారు. ఏసీ ఒక్కటే, అదీ రాత్రిపూటే. బోరు సన్నబడింది, వెయ్యి లీటర్ల ట్యాంకు రోజూ రెండుసార్లు నింపుతున్నారు, అయినా నెలకు రెండు ట్యాంకర్లు కొనాల్సి వస్తోంది. సోలార్ పెట్టించే డబ్బు ఇప్పుడు లేదు. తక్కువ ఖర్చుతో కరెంటు, నీళ్లు ఎలా తగ్గించుకోవాలి?

నాది ఉప్పల్ వైపు మోటారు వైండింగ్ షాపు, ఇరవై రెండేళ్లయింది. వైరింగ్ పని కూడా చేస్తాం. అందుకని మీ ప్రశ్నలో నా కళ్లు ముందు పడింది ఏసీ మీద కాదు, ఆ రెండు ట్యాంకుల మీద.

సూటిగా జవాబు: ముందు ఏమీ కొనకండి. ఒక రాత్రి ట్యాంకులో నీటి మట్టం గుర్తు పెట్టండి, అదే రాత్రి మీటరు లైటు ఎన్ని సెకన్లకు వెలుగుతోందో చూడండి. తాగడానికి, వంటకు, స్నానాలకు, బట్టలకు, బాత్రూముకు అన్నీ కలిపి పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అని ప్రభుత్వ ఇంజినీర్లే లెక్క వేసుకుంటారు. నలుగురికి 540. మొక్కలు, వాకిలి, బండి కడగడం కూడా కలిపి 800 అనుకుందాం. మీరు 2,000 ఎక్కిస్తున్నారు. మిగతా 1,200 లీటర్లు ఎక్కడికి పోతున్నాయో తేలితే మీ ట్యాంకర్ల ఖర్చూ, కరెంటు ఖర్చులో కొంతా రెండూ తేలతాయి.

నీళ్లకూ కరెంటుకూ ఏం సంబంధం అంటారేమో. మీ బోరులో మోటారు 400 అడుగుల దగ్గర ఉందనుకోండి. అంత కింద నుంచి వెయ్యి లీటర్లు పైకి తేవడానికి, మన మోటార్ల సామర్థ్యం బట్టి, దాదాపు ఒక యూనిట్ ఖర్చవుతుంది. అంటే రోజుకు రెండు ట్యాంకులు అంటే నెలకు 60 యూనిట్లు. సగం నీళ్లు ఆపితే 30 యూనిట్లు ఏ కొత్త వస్తువూ కొనకుండానే మిగులుతాయి.

ఆ 30 యూనిట్ల విలువ తెలియాలంటే స్లాబుల సంగతి చెప్పాలి. తెలంగాణలో ఇళ్ల వాడకం నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80 రూపాయలు. 200 దాటిందంటే పాత లెక్క పోతుంది, మొదటి యూనిట్ నుంచీ 5.10 పడుతుంది. ఆ తర్వాత 300 వరకు 7.70, 400 వరకు 9.00, 800 వరకు 9.50. సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే కరెంటు చార్జీ 820 రూపాయలు. 201 కాలిస్తే 1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు! (ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం వేరు. రేట్లు మారుతుంటాయి కాబట్టి మీ తాజా బిల్లుతో సరిచూసుకోండి.)

మీరు మామూలు నెలల్లో 220–230 దగ్గర ఉన్నారు. అంటే గీతకు ఒక్క అడుగు అవతల. 225 యూనిట్లకు 1,212 రూపాయలు కడుతున్నారు. 195కి దిగితే 796. ముప్పై యూనిట్లకు 416 రూపాయలు తేడా. మీకు గృహజ్యోతి (రాష్ట్ర ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం) అర్హత ఉంటే 200 లోపు బిల్లే సున్నా, కాబట్టి తేడా ఇంకా పెద్దది. ఆంధ్రలో ఇలా ఒక్కసారిగా దూకడం లేదు, 2022 నుంచి ఏ స్లాబు యూనిట్లకు ఆ స్లాబు రేటే పడుతోంది. కానీ అక్కడా 225 దాటాక యూనిట్ 8.75, కనుక పైనుంచి తగ్గించే ప్రతి యూనిట్‌కూ మంచి ధరే దక్కుతుంది.

ఇక పరీక్షలకు వద్దాం.

ట్యాంకు పరీక్ష. రాత్రి అందరూ పడుకునే ముందు ట్యాంకు మూత తీసి నీటి మట్టం దగ్గర సుద్దముక్కతోనో మార్కర్‌తోనో గీత పెట్టండి. పొద్దున ఎవరూ లేవకముందు మళ్లీ చూడండి. అరంగుళం దిగినా ఇంట్లో ఎక్కడో కారుతున్నట్టే. సంపు ఉంటే దానికీ ఇదే పరీక్ష. ట్యాంకర్ నీళ్లు పోయించేది అందులోకే కదా. పగిలిన సంపులో ట్యాంకర్ పోయిస్తే వీధి మొత్తానికి ఇంకుడు గుంత మీరే కట్టినట్టు.

ట్యాంకు దిగితే నూటికి ఎనభై సార్లు ఆ దొంగ ఫ్లష్ ట్యాంకే. కుళాయి కారితే చప్పుడు వస్తుంది, కనపడుతుంది. సెకనుకో చుక్క పడే కుళాయి రోజుకు ఇరవై లీటర్ల దాకా పారబోస్తుంది, కానీ ఎవరో ఒకరు విసుగొచ్చి బాగు చేయిస్తారు. ఫ్లష్ ట్యాంకు లోపలి రబ్బరు వాషర్ అరిగితే మాత్రం నీళ్లు కమోడ్ గోడ వెంట సన్నని పొరలా చప్పుడు లేకుండా జారిపోతూనే ఉంటాయి, బాల్ వాల్వ్ మళ్లీ నింపుతూనే ఉంటుంది. వంటింట్లోని ఫుడ్ కలర్ కొంచెం ఫ్లష్ ట్యాంకులో కలిపి అరగంట ఎవరినీ వాడొద్దనండి. కమోడ్‌లోకి రంగు దిగితే వాషర్ పోయినట్టే. రబ్బరు ఖరీదు తక్కువే, ప్లంబరు కూలీయే ఎక్కువ. కాబట్టి రెండు బాత్రూములూ ఒకేసారి చేయించండి.

పాత రకం ఫ్లష్ ట్యాంకు ఒక్కసారికి పది లీటర్లు వదులుతుంది. మార్చే పని లేకుండా లీటరు నీళ్ల సీసా నింపి, మూత బిగించి, లోపల ఒక మూలన నిలబెడితే ప్రతిసారీ లీటరు మిగులుతుంది. ఇటుక ముక్క మాత్రం వేయకండి. అది నాని అరిగి, ఆ ఇసుక వెళ్లి వాషర్‌లో ఇరుక్కుంటుంది. నేను చూశాను.

మోటారు నిమిషాల పరీక్ష. ఇది నా అసలు పని కాబట్టి కొంచెం సాగదీస్తాను. ఖాళీ ట్యాంకు నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో స్టార్టర్ బోర్డు పక్కన గోడ మీద తేదీతో రాసిపెట్టండి. నెలకోసారి రాస్తే చాలు. 35 నిమిషాల్లో నిండే ట్యాంకు 60 నిమిషాలు తీసుకుంటోందంటే కారణం మోటారు పాతబడటమే కానక్కర్లేదు. బోరులో నీళ్లు దిగిపోయి మోటారు మధ్య మధ్యలో గాలి కొడుతూ ఉండొచ్చు. కెపాసిటర్ బలహీనపడి ఉండొచ్చు. పంపు లోపల నీళ్లను తోసే చక్రాలు, అవే ఇంపెల్లర్లు, ఇసుకకు అరిగి ఉండొచ్చు. అన్నిటికన్నా ఎక్కువగా జనం ఊహించనిది ఒకటుంది: బోరు లోపల దింపిన పైపుకే చిల్లు.

మూడేళ్ల కింద నాచారంలో ఒకాయన నా దగ్గరకు వచ్చి మోటారు పెద్దది వేయమన్నారు. ఒకటిన్నర హెచ్‌పీ సరిపోవడం లేదు, రెండు వేయండి అన్నారు. పైపులు పైకి తీయిస్తే మోటారు బంగారంలా ఉంది. నూట యాభై అడుగుల దగ్గర జాయింటు పగిలి, ఎక్కిన నీళ్లలో సగానికి పైగా మళ్లీ బోరులోకే పడుతున్నాయి. కన్నం ఉన్న కుండకు పెద్ద చెంబు తెస్తే ఏం లాభం? ఒక జాయింటు, కొంచెం పైపు మార్చి దింపాం. రోజుకు గంటన్నర తిరిగే మోటారు నలభై నిమిషాలకు వచ్చింది. ఒకటిన్నర హెచ్‌పీ మోటారు గంటకు సుమారు యూనిట్‌న్నర తీసుకుంటుంది. నెలకు లెక్కేస్తే నలభై యూనిట్ల దగ్గర.

మోటారు ఆపేసిన తర్వాత పైపులోంచి నీళ్లు గలగలా కిందికి దిగుతున్న చప్పుడు వస్తే వెనక్కి రానివ్వని వాల్వ్, అదే ఎన్ఆర్‌వీ, పోయినట్టు. అప్పుడు ప్రతిసారీ ఖాళీ పైపు మొత్తం నింపుకున్నాకే ట్యాంకులో చుక్క పడుతుంది. రోజుకు నాలుగుసార్లు పది పది నిమిషాలు వేసే అలవాటు ఉన్న ఇళ్లలో ఇది బాగా తినేస్తుంది. ఒకేసారి పూర్తిగా నింపుకోవడం మేలు, బోరు అంతసేపు ఇస్తే. ఇవ్వకపోతే, గాలి కొట్టగానే ఆపి, రెండు మూడు గంటలు ఊరనిచ్చి మళ్లీ వేయండి. గాలి కొడుతున్నా వదిలేస్తే కరెంటు దండగ, మోటారు కాలితే నా దగ్గరకు రావడం ఇంకో దండగ.

ట్యాంకు నిండి పొంగడం గురించి పెద్దగా చెప్పను, అందరికీ తెలిసిందే. నిండగానే మోటారు ఆపేసే ఆటోమేటిక్ బోర్డు పెట్టించండి. అంత వద్దనుకుంటే కనీసం నిండగానే మోగే అలారం పెట్టండి. సీరియల్ చూస్తూ మోటారు మర్చిపోని ఇల్లు నేనింకా చూడలేదు, మా ఇంటితో సహా.

మీటరు పరీక్ష. మీ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు టిక్ టిక్‌మని వెలుగుతుంటుంది. దాని పక్కన 3200 అనో 1600 అనో ఒక అంకె ఉంటుంది. ఒక యూనిట్‌కు ఆ లైటు అన్నిసార్లు వెలుగుతుందని అర్థం. రాత్రి ఫ్యాన్లు, లైట్లు, ఏసీ, టీవీ అన్నీ ఆపండి. ఫ్రిజ్ ప్లగ్ కాసేపు తీయండి. ఇప్పుడు ఫోన్‌లో గడియారం పెట్టుకుని, ఒక వెలుగు దగ్గర మొదలుపెట్టి, ఆ తర్వాత పది వెలుగులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 3200 మీటరైతే 11,250ని ఆ సెకన్లతో భాగించండి. 1600 మీటరైతే 22,500ని భాగించండి. వచ్చింది వాట్లు. ఉదాహరణకు 3200 మీటరుకు వంద సెకన్లు పడితే 112 వాట్లు. ఏమీ నడవడం లేదనుకుంటున్న ఇంట్లో 100 వాట్లు నిత్యం పోతుంటే నెలకు 72 యూనిట్లు. ఫ్రిజ్ ప్లగ్ మళ్లీ పెట్టడం మర్చిపోకండి, ఆ తిట్లు నాకు వద్దు.

అలా దొరికేవాటిలో మొదటిది ఇన్వర్టర్. ప్లగ్‌లో ఉన్నంతసేపూ అది ఎంతో కొంత తింటుంది. బ్యాటరీ ముసలిదైతే ఎప్పటికీ నిండదు, చార్జింగ్ ఆగదు. హబ్సిగూడలో ఒక ఇంట్లో ఆరేళ్ల బ్యాటరీ ఒక్కటే అరవై వాట్లు లాగుతూ ఉంది. నెలకు 43 యూనిట్లు, పైగా కరెంటు పోతే పావుగంట కూడా రావడం లేదు. మీ ఇన్వర్టర్ బ్యాటరీని చేత్తో ముట్టుకుని చూడండి. కరెంటు పోకుండానే రోజంతా వేడిగా ఉంటే అనుమానించాల్సిందే. అన్నట్టు, ఏసీ నుంచి కారే నీళ్లు బ్యాటరీలో పోయొచ్చని ఎవరో ఒకరు చెప్తుంటారు. పోయకండి. ఏసీ కాయిల్ మీది దుమ్మూ ధూళీ అందులో ఉంటాయి. ఇల్లు తుడుచుకోవడానికి పనికొస్తాయి.

రెండోది టీవీ సెట్‌టాప్ బాక్సు. రిమోట్‌తో ఆపితే టీవీ ఆగుతుంది కానీ బాక్సు చాలావరకు మేలుకునే ఉంటుంది. పది వాట్లే అయినా నెలకు ఏడు యూనిట్లు. గోడ దగ్గర స్విచ్ ఆపితే సరి. ఫోన్ చార్జర్ ప్లగ్‌లో వదిలేశారని పిల్లలను తిట్టడం మాత్రం ఆపేయండి, అందులో ఏమీ లేదు.

అన్నీ ఆపినా, బోర్డులోని ఎమ్‌సీబీలు (ట్రిప్ అయ్యే స్విచ్‌లు) ఒక్కొక్కటీ దించినా లైటు వెలుగుతూనే ఉంటే మీ మీటరు మీద ఇంకెవరిదో నడుస్తోందన్న మాట, లేదా తడి గోడలో వైరు లీకవుతోంది. రెండోదైతే ప్రాణానికే ప్రమాదం, వెంటనే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మొదటిది కూడా అనుకున్నంత అరుదు కాదు. రామంతాపూర్‌లో పై పోర్షన్ గీజరు ఆరేళ్లపాటు కింద ఇంటివాళ్ల మీటరు మీద నడిచింది. కట్టినప్పుడు ఎవరో వైరు అటు కలిపేశారు, పైవాళ్లకూ తెలియదు. నేను లెక్క తేల్చి వచ్చాను. ఆ రెండు కుటుంబాలు ఇప్పుడు మాట్లాడుకోవడం లేదని తర్వాత విన్నాను.

ఇక ఏసీ. మీ ఏప్రిల్ బిల్లులో 180 యూనిట్లు పైకి లేచింది ఎక్కువగా దీనివల్లే. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ చెప్తుంది. ఆ సంస్థతో సంప్రదించి కేంద్రం 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేలా నిబంధన తెచ్చింది. మీరు 26 పెట్టి, ఫ్యాన్ రెండో నంబరు మీద తిప్పండి. చంటిపిల్లలకూ పెద్దవాళ్లకూ కూడా అది సుఖంగానే ఉంటుంది. దుమ్ము రోడ్డు పక్క ఇల్లయితే ఫిల్టర్ రెండు వారాలకోసారి కుళాయి కింద కడగాలి.

కానీ మీది పైన ఇంకో అంతస్తు లేని ఇల్లు. రాత్రి పదకొండుకు స్టూల్ వేసుకుని పైకప్పు స్లాబును లోపలి నుంచి అరచేత్తో ముట్టుకోండి. పగలంతా తాగిన ఎండను అది అర్ధరాత్రి దాకా మీ గదిలోకే వదులుతుంటుంది. మీ ఏసీ కొట్లాడుతున్నది బయటి గాలితో కాదు, ఆ కాంక్రీటుతో. ఫిబ్రవరి చివర్లో డాబా కడిగి, సున్నంలో కొంచెం ఫెవికాల్ కలిపి రెండు కోట్లు తెల్లగా వేయించండి. రెండు వానాకాలాలు ఉండదు, ఏటా వేయాలి. కాస్త డబ్బు పెట్టగలిగితే కూల్ రూఫ్ పెయింటు కొన్నేళ్లు నిలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది కదా, అది ఇదే సంగతి. సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లడం కూడా చల్లబరుస్తుంది, కాదనను. ట్యాంకర్ కొని డాబా మీద చల్లడం మాత్రం మీ పరిస్థితిలో కుదరదు.

ఫ్యాన్ల దగ్గర ఒక్కటే మాట. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర. రోజుకు పదిహేను గంటలు తిరిగే చోట ఒక్కోటి నెలకు 20 యూనిట్లు మిగులుస్తుంది. ధర మూడు వేల దగ్గర. అందుకని హాలు, పడకగది, ఈ రెండే మార్చండి. వంటింట్లో గంటసేపు తిరిగే ఫ్యానుకు అంత పెట్టుబడి అనవసరం. బిగించేటప్పుడు గోడ రెగ్యులేటర్ తీయించేయండి, ఈ ఫ్యాన్లు దానితో సరిగా నడవవు.

గీజరు ఎండాకాలం బిల్లుది కాదు కాబట్టి వదిలేస్తున్నాను. చలికాలంలో స్నానానికి పది నిమిషాల ముందు వేసి, స్నానానికి వెళ్లేటప్పుడు ఆపేస్తే చాలు. ఫ్రిజ్ తలుపు రబ్బరులో కాగితం ముక్క పెట్టి లాగండి, తేలిగ్గా జారి వస్తే రబ్బరు మార్చండి. రాత్రిపూట ఫ్రిజ్ ఆపేస్తే ఆదా అనే సలహా వినకండి. పొద్దున మళ్లీ చల్లబరచడానికి ఆ మిగిలింది చాలావరకు తినేస్తుంది, కూరలు పాడవడం అదనం.

ఆర్ఓ మెషిన్ ఉందా మీకు? ప్రశ్నలో రాయలేదు. ఉంటే ఒక లీటరు మంచినీళ్లకు దాదాపు మూడు లీటర్లు సింకులోకి వదులుతుంది. ఆ పైపును బకెట్లో పెట్టండి. గిన్నెలు తోమడానికి, బాత్రూము కడగడానికి బాగుంటాయి. మొక్కలకు రోజూ పోయకండి, అందులో ఉప్పు ఎక్కువ, తులసి ముందు పోతుంది. సింకు కుళాయి మూతికి ఏరేటర్ (ధారలో గాలి కలిపే చిన్న జల్లెడ) బిగిస్తే ధార మెత్తగా వచ్చి నీళ్లు సగం దాకా తగ్గుతాయి. అయితే బోరు నీళ్ల సున్నం దానికి పడుతుంది, నెలకోసారి విప్పి నిమ్మరసంలో నానబెట్టాలి.

చివరగా ఇంకుడు గుంత. మీ డాబా 1,200 చదరపు అడుగులు అనుకుందాం, అంటే సుమారు 111 చదరపు మీటర్లు. హైదరాబాదులో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఐదో వంతు పోయినా 70 వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పద్నాలుగు. ఇప్పుడవి డ్రైనేజీలోకి పోతున్నాయి. గుంతలో కింద పెద్ద కంకర, పైన చిన్న కంకర, ఆ పైన ఇసుక వేసి, డాబా పైపు అందులోకి తిప్పండి. సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఉండాలి. వాన నీటిని వడగట్టకుండా నేరుగా బోరు కేసింగ్‌లోకి పంపొద్దు, మురికి దిగితే బోరే పాడవుతుంది. ఇంకో నిజం కూడా చెప్పాలి: మనది రాతి నేల. మీరు ఇంకించిన నీళ్లు పగుళ్ల వెంట పోయి పక్కింటి బోరులో తేలినా ఆశ్చర్యపోకండి. మీ వీధిలో నలుగురిని ఒప్పించి జూన్ లోపు కలిసి తవ్విస్తే అందరికీ దక్కుతుంది, జేసీబీ బాడుగ కూడా పంచుకోవచ్చు.

సోలార్ లేదని బాధపడకండి. ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. 410 యూనిట్ల ఇంటికి మూడున్నర కిలోవాట్లు కావాలి. అదే ఇల్లు 240కి దిగితే రెండు చాలు. ఇప్పుడు తగ్గించుకుంటే రేపు పెట్టించేటప్పుడు ఖర్చూ తగ్గుతుంది.

ఈ వారంలో మూడు అంకెలు చూసి ఇక్కడే రాయండి: ట్యాంకు నిండడానికి పట్టిన నిమిషాలు, రాత్రి ట్యాంకు ఎన్ని అంగుళాలు దిగింది, అన్నీ ఆపినప్పుడు మీటరు పది వెలుగులకు ఎన్ని సెకన్లు. మోటారు ఎన్ని హెచ్‌పీ, ఎన్ని అడుగుల దగ్గర దింపారో కూడా చెప్పండి. పైపులు పైకి తీయించాలో వద్దో అప్పుడు చెప్తాను. ఒకసారి తీసి దింపడానికి కూలీ తక్కువేం కాదు, ఊరికే తీయించకండి.